గోల్ కొట్టని హీరో

సినిమా మొదట్లో పేర్లు పడుతుంటే మీరు చివరిదాకా చదువుతారా? నిజం చెప్పండి! హీరో పేరు పడగానే ఈల వేస్తాం. హీరోయిన్ పేరుకు ఇంకో ఈల. సంగీత దర్శకుడి పేరుకు చప్పట్లు. ఆ తర్వాత సీటు సర్దుకోవడంలోనో, చెనిక్కాయల పొట్లం విప్పుకోవడంలోనో పడిపోతాం. హీరోకి బదులు మూడంతస్తుల మేడ మీంచి దూకినవాడి పేరు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ పట్టదు.

ఫుట్‌బాల్‌లో డిఫెండర్ బతుకూ ఇంచుమించు అంతే. గోల్ కొట్టినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు. గోల్ పడకుండా ఆపినవాడు విడిచిన బూట్లు చేత్తో పట్టుకుని ఒక్కడే నడిచి వెళ్ళిపోతాడు. తొంభై నిమిషాలు గోడలా నిలబడితే ఎవరూ ఏమీ అనరు. ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉన్నాడో, ఊరంతా వాడి పేరే!

ఈ సంగతి నాకు పుస్తకాలు చదివితే తెలియలేదు. పులివెందులలో తెలిసింది.

* * *

మాది జమ్మలమడుగు. గండికోట చూడ్డానికి వచ్చేవాళ్ళు మా బస్టాండులో దిగి, టీ తాగి, బస్సు మారి పోతారే... ఆ ఊరు. మా నాయనకు ప్రొద్దుటూరులో చిన్న గుడ్డల అంగడి ఉండేది. ప్రొద్దుటూరంటే తెలుసుగా? బంగారం, బట్టలు, దసరా ఉత్సవాలు, సినిమా పిచ్చి! పొద్దున్నే నాయనతో బాటు బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగేవాణ్ణి. ఆయన అంగడికి, నేను హైస్కూలుకి. సాయంత్రం మళ్ళీ అదే బస్సు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాయన పోయాడు. అన్న అప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. పదమూడో రోజు అయిపోయిన మర్నాడు అన్న కాలేజీకి పోలేదు. నాతో బాటు ప్రొద్దుటూరు బస్సెక్కి, అంగడి తాళం తీశాడు. అంతే. ఆ విషయం మీద ఇంట్లో చర్చలేం జరగలేదు. సినిమాల్లో అయితే ఆ చోట ఒక విషాదగీతం ఉండేది. మా ఇంట్లో అమ్మ సంగటి పెట్టింది, తిన్నాం, పోయాం.

మా బళ్ళో అందరిదీ క్రికెట్ పిచ్చి. బ్యాట్లకు డబ్బుల్లేవో ఏమో, మా డ్రిల్ సారు ఒక ఫుట్‌బాల్ తెచ్చి, పదకొండు మందిని పోగేశాడు. నేను ఫార్వర్డ్ ఆడతానన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నువ్వు బ్యాక్" అన్నాడు.

"ఎందుకు సార్?"

"నువ్వు పరిగెత్తలేవురా అబ్బీ. కానీ కదలకుండా నిలబడగలవు. అదీ ఒక విద్యే!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వయసులో కదలకుండా నిలబడే విద్య ఎవడిక్కావాలి చెప్పండి? హీరోగా వేషం ఇస్తారని స్టూడియోకి పోతే ద్వారపాలకుడి వేషం ఇచ్చినట్టుంది నా పని!

2005లో పులివెందులలో ఒక పోటీ పెట్టారు. చీనీ తోటలు దాటుకుంటూ బస్సులో పోయాం. మ్యాచ్ చూడ్డానికి అన్న వచ్చాడు. అంగడి మధ్యాహ్నం నుంచి మూసేశాడని తెలిసి ఆశ్చర్యపోయాను. జ్వరం వచ్చిన రోజు కూడా అంగడి మూసినవాడు కాదు.

ఆట చివరిదాకా ఎవరికీ గోల్ పడలేదు. నేను బుద్ధిగా నా చోట నిలబడ్డాను. ఇక నాలుగైదు నిమిషాలుందనగా బంతి నా కాలికి తగిలింది. ముందు ఖాళీగా కనిపించింది. అన్న చూస్తున్నాడు. ఇంకేముంది! నాలో హీరో లేచాడు. బంతి తీసుకుని పరుగో పరుగు! సగం మైదానం దాటాను. డ్రిల్ సారు అరుస్తున్నది నన్ను మెచ్చుకోవడానికే అనుకున్నాను. అవతలి పిల్లోడొకడు, సన్నగా, బూట్లు కూడా లేకుండా ఉన్నవాడు, నా కాళ్ళ దగ్గర్నుంచి బంతి తీసుకుపోయాడు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి నేనుండాల్సిన చోట ఎవరూ లేరు. వాడు తీరిగ్గా పోయి గోల్ కొట్టి వచ్చాడు.

ఒకటి - సున్నా. ఓడిపోయాం.

బస్టాండులో అన్న నాకు చీనీ రసం తాగించాడు. ముద్దనూరు దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"నువ్వు ముందుకు పోతివి. పోవద్దని నేను చెప్పను రా. పోయేముందర ఒకసారి ఎనక్కి తిరిగి చూసుంటే చాలు. ఎవురన్నా ఉండారా, లేరా అని."

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. తిట్టలేదు కాబట్టే ఇరవై ఏళ్ళుగా గుర్తుంది.

* * *

ఆ మ్యాచ్ అయిన కొన్నాళ్ళకు అన్న ఒక కాగితం చూపించాడు. అంగట్లో గుడ్డలు చుట్టడానికి పాత పేపర్లు కిలోల లెక్కన కొంటారు. ఆ కట్టల్లో ఏదో ఇంగ్లీషు క్రీడా పత్రిక తాలూకు పేజీ దొరికింది. అందులో ఒక ఆటగాడు. కుడిచేయి ఒంటికి పట్టీతో కట్టేసి ఉంది. అయినా తల ఎత్తుకుని ఆడుతున్నాడు. "ఈయన కూడా నీ మాదిరి బ్యాకేనంట రా" అన్నాడు అన్న, ఆ కాగితాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటిస్తూ.

ఆయనే ఫ్రాంజ్ బెకెన్‌బాయర్. జర్మనీ వాళ్ళు 'కైజర్' అంటారు, అంటే చక్రవర్తి అని.

చక్రవర్తి అన్నారు గదా అని వజ్రాల తొట్టిలో ఊగాడనుకునేరు! 1945 సెప్టెంబరు 11న, యుద్ధంలో శిథిలమైన మ్యూనిక్ నగరంలో, గీసింగ్ అనే కార్మికుల పేటలో పుట్టాడు. తండ్రి తపాలా శాఖ ఉద్యోగి. పిల్లవాడికి 1860 మ్యూనిక్ అనే క్లబ్బంటే ప్రాణం. అందులోనే చేరాలనుకున్నాడు. ఇంతలో బాలుర మ్యాచ్‌లో ఆ క్లబ్బు కుర్రాడొకడు ఇతని చెంప మీద ఛెళ్ళున కొట్టాడు! ఇక నాకు ఆ క్లబ్బే వద్దని, అదే ఊళ్ళో ఉన్న బయర్న్ మ్యూనిక్‌లో చేరాడు. అప్పటికి బయర్న్ అంత పెద్ద పేరున్నది కాదు. ఆ ఒక్క చెంపదెబ్బ ఖరీదు ఎంతో తెలుసా? 1974, 75, 76లలో వరుసగా మూడుసార్లు యూరప్ క్లబ్బుల కప్పు బయర్న్ ఇంటికి వచ్చింది. కెప్టెన్ ఈయనే!

ఇక ఆ చేతికట్టు కథ. 1970, మెక్సికోలో ప్రపంచ కప్పు. సెమీ ఫైనల్లో పశ్చిమ జర్మనీకి, ఇటలీకి పోటీ. కింద పడి ఈయన భుజం తప్పింది. అప్పటికే జర్మనీ మార్చుకోదగ్గ ఇద్దరు ఆటగాళ్ళనూ మార్చేసింది. ఈయన బయటికి పోతే పది మందే మిగులుతారు. చేయి ఒంటికి కట్టించుకుని అదనపు సమయమంతా ఆడాడు. ఇటలీ 4 - 3తో గెలిచింది. అవునండీ, ఈయన జట్టు ఓడిపోయింది. అయినా ఆ మ్యాచ్ తలుచుకున్నప్పుడల్లా జనం కళ్ళముందు మెదిలేది ఆ కట్టుకున్న చేయే!

డిఫెండరంటే ఎదుటివాణ్ణి అంటిపెట్టుకుని తిరగడమే పని అనుకునే రోజులవి. ఈయన ఆ పనికి కొత్త అర్థం చెప్పాడు. అందరికంటే వెనక నిలబడి ఆటంతా చూసేవాడు. ఎక్కడ చిల్లు పడితే అక్కడికి పోయి పూడ్చేవాడు. సందు దొరికితే బంతితో తనే ముందుకు నడిచేవాడు. ఆ స్థానాన్ని 'లిబెరో' అంటారు, స్వేచ్ఛ ఉన్నవాడని అర్థం. అంటే మా డ్రిల్ సారు కాదన్న పనే ఈయన చేశాడన్నమాట! తేడా ఒక్కటే. ఈయన ముందుకు పోయినప్పుడు వెనక ఆ చోట నిలబడడానికి ఇంకొకడు సిద్ధంగా ఉండేవాడు.

1974లో సొంత ఊరు మ్యూనిక్‌లో హాలెండుని 2 - 1తో ఓడించి ప్రపంచ కప్పు ఎత్తాడు. 1990లో రోమ్‌లో శిక్షకుడిగా మళ్ళీ గెలిపించాడు. ఆ రాత్రి జట్టంతా గంతులేస్తుంటే, ఈయన మెడలో పతకంతో, చేతులు జేబుల్లో పెట్టుకుని మైదానంలో ఒంటరిగా నడిచాడు. వెనక నిలబడే అలవాటు ఆ సంబరంలోనూ పోలేదు కాబోలు!

మచ్చలు లేవా అంటే ఉన్నాయి. 2006 ప్రపంచ కప్పు నిర్వహణలో డబ్బు చెల్లింపుల మీద స్విట్జర్లాండులో కేసు నడిచింది. గడువు తీరిపోవడంతో 2020లో తీర్పు లేకుండానే ముగిసింది. 2024 జనవరి 7న, 78వ ఏట కన్నుమూశాడు.

* * *

ఇంతకీ ఇలాంటివాడు మనవాళ్ళలో లేడా అని అడుగుతారా? ఉన్నాడు! అదీ మన హైదరాబాదులో!

ఒకప్పుడు దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా తర్వాత హైదరాబాదే. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు తయారుచేసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచిందంటే, ఆ జట్టులో రహీం సాహెబు శిష్యులు ఎందరో ఉన్నారు. ఆస్ట్రేలియా మీద మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజా పేరు అందరికీ తెలుసు. అదే జట్టు రక్షణ పంక్తిలోని హైదరాబాదు అజీజుద్దీన్ పేరు మీలో ఎంతమంది విన్నారు?

ఆ ఊరి గాలి పీల్చి పెరిగినవాడే సయ్యద్ నయీముద్దీన్. 1944లో పుట్టాడు. బెకెన్‌బాయర్ కంటే ఒక్క ఏడు పెద్ద. హైదరాబాదులో ఆట నేర్చి కలకత్తా చేరాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్, మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. అక్కడ ఈ క్లబ్బుల అభిమానుల మధ్య వైరం మన హీరోల అభిమాన సంఘాల వైరాన్ని మించి ఉంటుంది. మూడు చోట్లా చెల్లుబాటు కావడం సామాన్యం కాదండోయ్!

అదే 1970 చూడండి. మెక్సికోలో కైజర్ చేతికి కట్టు కట్టుకున్న సంవత్సరమే, డిసెంబరులో బాంకాక్ ఆసియా క్రీడలకు నయీముద్దీన్ భారత జట్టు కెప్టెన్. జపాన్‌ని 1 - 0తో ఓడించి కంచు పతకం తెచ్చారు. ఒకటి - సున్నా! ఆ 'ఒకటి' కొట్టిన ఘనత ఫార్వర్డుది. ఆ 'సున్నా' ఎవరి ఘనత? వెనక నిలబడ్డవాళ్ళది కాదూ? ఆ తర్వాత ఇంతవరకూ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో పతకం రాలేదు.

ఆ ఏడాదే అర్జున అవార్డు వచ్చింది. ఆట మానేశాక శిక్షకుడయ్యాడు. వేళ తప్పితే, మాట తప్పితే ఊరుకునే మనిషి కాదని పేరు. 1990లో ద్రోణాచార్య అవార్డు. 2005లో కరాచీలో దక్షిణాసియా కప్పు గెలిచిన మన జట్టుకు గురువు ఆయనే. నేను పులివెందులలో హీరో వేషం వేసి అభాసుపాలైన సంవత్సరం కూడా అదే లెండి!

ఆటగాడిగా కప్పు, గురువుగా కప్పు... అది జర్మనీ చక్రవర్తి. ఆటగాడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య... ఇది మన హైదరాబాదు నయీం. ఇద్దరికీ వెనక నిలబడి ఆటంతా చూసే చూపు ఉంది. ముందువాడు ఎక్కడ పొరబడతాడో కనిపెట్టేది వెనకున్నవాడే గదా! అందుకే డిఫెండర్లు మంచి గురువులవుతారని నాకనిపిస్తుంది.

* * *

నేను కడపలో బీఏ పూర్తిచేసి హైదరాబాదు వచ్చేశాను. సినిమా వార్తలు, ముఖాముఖీలు రాసుకుంటూ, ఒక పత్రికకని లేకుండా అన్నిటికీ రాస్తూ బతుకుతున్నాను. ఫీజులు కట్టింది అన్న. మొదటి రెండేళ్ళు గది అద్దె పంపిందీ అన్నే. పండగలకు పోతాను, ఓళిగలు తింటాను, తిరిగొస్తాను. వెనక్కి తిరిగి చూశానా అంటే... చూశాననే అనుకున్నాను.

రహీం సాహెబు జీవితం మీద తీసిన 'మైదాన్' 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. అమిత్ శర్మ దర్శకుడు, అజయ్ దేవగణ్ రహీంగా వేశాడు. ఆ వానాకాలం జమ్మలమడుగు పోయినప్పుడు ఇంట్లో టీవీలో పెట్టి, అన్నను కూర్చోబెట్టాను.

కథ 1962 జకార్తా ఆసియా క్రీడలకు వచ్చింది. జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్. థాయ్‌లాండ్‌తో ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. మరొకరైతే కూర్చోబెట్టేవారు. రహీం సాహెబు ఆయన్ని ఫార్వర్డుగా మార్చి దింపాడు! సెమీ ఫైనల్లో గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్. స్టేడియమంతా మనకు ఎదురు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2 - 1తో బంగారు పతకం! మరుసటి ఏడు, 1963 జూన్‌లో, రహీం సాహెబు క్యాన్సర్‌తో వెళ్ళిపోయాడు.

నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. అన్న మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

"జర్నైల్ సింగు ముందుకు పోయినాడు, సరే. మరి ఎనక ఎవురుండారు రా?"

నేను ఫోన్ తీసి వెతికి చదివాను. అరుణ్ ఘోష్, త్రిలోక్ సింగ్, చంద్రశేఖర్. గోల్‌లో మన హైదరాబాదు పీటర్ తంగరాజ్.

అన్న నవ్వాడు. "చూస్తివా! ఆ పేర్లు వెతికితే గానీ దొరకలేదు నీకు."

అని లేవబోయాడు. లేవలేకపోయాడు. గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, రెండోసారికి లేచాడు. నేను చూస్తుండిపోయాను. వంటింట్లోంచి వదిన అంది. "మోకాలికి ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పి రెండేళ్ళాయ నాయనా. అంగడి ఎవరు చూస్తారు, అత్తను ఎవరు చూస్తారు అని నెట్టుకొస్తాండాడు."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు పన్లో ఉంటావని చెప్పొద్దన్న్యాడు."

ఇరవై ఏళ్ళు కౌంటర్ వెనక నిలబడిన కాళ్ళు అవి. మా ఇంటికి గోల్ పడకుండా ఆపిన కాళ్ళు. నేనేమో జర్నైల్ సింగ్ కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాను!

ఆ వారంలో ఒక యూనిట్‌తో ఔట్‌డోర్‌కు పోవాల్సి ఉంది. నాలుగు పత్రికలకు సరిపడా సరుకు దొరికేది. ఫోన్ చేసి రాలేనన్నాను. ఏదో త్యాగం చేశానని చెప్పడం లేదు. ఇరవై ఏళ్ళ బాకీలో అది ఒక రోజు వడ్డీ కూడా కాదు.

"అన్నా, నువ్వు పోయి ఆపరేషన్ చేయించుకో. అంగట్లో నేనుంటా."

"నీకు మీటరు కడ్డీ పట్టుకోను తెల్సునా?" అన్నాడు. కానీ ఈసారి వద్దనలేదు.

* * *

కడపలో ఆపరేషన్ బాగా జరిగింది. అన్న ఇంట్లో కర్ర సాయంతో నడుస్తుంటే నేను ప్రొద్దుటూరు అంగట్లో నిలబడ్డాను. మొదటి రోజే ఒకామె జాకెట్టు గుడ్డ ఎనభై సెంటీమీటర్లు అడిగితే అరవై కత్తిరించాను. సెల్ఫ్ గోల్! ఆమె నన్ను తేరిపారా చూసి, "మీ అన్న యాడబ్బీ?" అంది. ఆ రోజు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టలేదు గానీ, అందరూ అడిగింది అదే మాట. మీ అన్న యాడ? అన్న ఎప్పుడొస్తాడు? ఇరవై ఏళ్ళుగా ఆయన అక్కడున్నాడని ఎవరూ చెప్పుకోలేదు. ఒక్క రోజు లేకపోయేసరికి ఊరంతా వెతుకుతోంది.

సాయంత్రం కాళ్ళు పీకి, బిల్లు పుస్తకం పెడదామని బీరువా తెరిచాను. తలుపు లోపలి వైపు ఆ కాగితం ఇంకా ఉంది. పసుపు రంగుకు తిరిగింది, అంచులు చిరిగాయి. కట్టుకున్న చేయి మాత్రం కనబడుతోంది.

అప్పటికప్పుడు బిల్లు పుస్తకం వెనకే ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఈసారి సినిమాకు పోయినప్పుడు పేర్లు పడుతుంటే చివరిదాకా ఒకసారి చదవండి. ఇంటికొచ్చాక మీ ఇంట్లో వెనక నిలబడ్డది ఎవరో కూడా చూడండి. కాళ్ళు నొప్పులేమో అడగండి.

ఎవరో లైనింగు గుడ్డ కావాలంటున్నారు. ఈసారి సరిగ్గా కొలవాలి. ఉంటాను మరి!